గాలికి పడ్డ ఇటుకలు

విశాఖపట్నం,
14 మార్చి 1999

అక్కకి,

తమ్ముడు అప్పాజీ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. మర్యాదలైపోయాయి కాబట్టి అసలు సంగతిలోకొస్తాను. ఫోను చేద్దును గానీ, మీ పక్కింటి అచ్చాయమ్మగారికి చేస్తే ముందు ఆవిడ మొత్తం విని, ధవళేశ్వరం అంతా చెప్పి, ఆ తర్వాత తీరిగ్గా నిన్ను పిలుస్తుంది. ఇది ఊళ్ళో పాకాల్సిన విషయం కాదు.

రాజమండ్రిలో నాకు సన్మానం చేస్తారట. మే తొమ్మిదో తారీకు, ఆదివారం సాయంత్రం, మున్సిపల్ గ్రౌండులో. కమిటీకి చంద్రరావుగారని ఒక ప్లీడరు అధ్యక్షుడు. శాలువా, వెండి బ్యాటు, ఊరేగింపు. మొదట ఏనుగన్నారు. ఆ ఏనుగు ఆ రోజు ఎవరిదో పెళ్ళికి బుక్కయిందట, అందుకని ఓపెన్ టాప్ జీపు.

నవ్వకు. నాకీ సన్మానం కావాలక్కా. ఆంధ్రాకి పదహారేళ్ళు ఆడాను, ఇండియాకి పద్నాలుగు వన్డేలు ఆడాను. పోయినేడు రిటైరైతే పేపర్లో నాలుగు లైన్లు వేశారు. నా పైన ఎరువుల ప్రకటన, నా కింద తప్పిపోయిన గేదె. గేదెకి ఫొటో కూడా వేశారు, నాకు లేదు.

చిన్న చిక్కొకటుంది. ఎనభై ఏడులో నేను టీములోకొచ్చిన కొత్తలో ఒక వారపత్రిక వాళ్ళు వచ్చి ఆట ఎవరు నేర్పారని అడిగారు. నేను 'మా అన్నయ్య బుల్లబ్బాయి' అనేశాను. మనకి అన్నయ్య లేడని నాకూ తెలుసు, నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు. అప్పట్నుంచీ అడిగిన వాళ్ళందరికీ అదే చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు చంద్రరావుగారు పట్టుబట్టారు, గురువుగారికి కూడా అదే వేదిక మీద శాలువా కప్పాలట. కార్డులో పేరు కూడా వేసేస్తున్నారు.

బావగారు ఒక్క రెండు గంటలు బుల్లబ్బాయిగా కూచోగలరేమో కనుక్కో. మాట్లాడక్కర్లేదు. ఇంట్లో నీ ముందు ఎలా కూచుంటారో అలా కూచుంటే చాలు.

నీ తమ్ముడు,
అప్పాజీ

---

ధవళేశ్వరం,
22 మార్చి 1999

ఒరేయ్ అప్పాజీ,

ఆశీస్సులు చివర్లో. ముందు తిట్లు.

మనకి అన్నయ్య ఎప్పుడు పుట్టాడ్రా? అమ్మ నాకు తెలీకుండా కని ఎక్కడన్నా దాచిందా? బుల్లెమ్మని తీసేసి బుల్లబ్బాయిని పెట్టావు. కనీసం వేరే పేరు వెతుక్కోడానిక్కూడా బద్ధకమేనా నీకు?

వేసవిలో కాలువ కట్టేసి, నీళ్ళు తీసి, అడుగు ఎండగానే నీ చెయ్యి పట్టుకుని గట్టు దింపింది ఎవరు? నాన్న లాకుల దగ్గర డ్యూటీకి వెళ్ళేదాకా ఆగి, కొబ్బరిమట్ట చెక్కి నీ చేతిలో పెట్టి, మూడు ఇటుకలు నిలబెట్టి, ఎడం చేత్తో బాలు వేసింది బుల్లబ్బాయా? గట్టుకి తగిలితే అవుటని రూలు పెట్టింది నేను. రెండు పక్కలా గట్లే కాబట్టి చచ్చినట్టు నేరుగా బౌలరు నెత్తిమీంచి కొట్టడం నేర్చుకున్నావు. టీవీలో ఆ కామెంటరీ ఆయన 'స్ట్రెయిట్‌గా ఎంత బాగా కొడుతున్నాడో' అని మురిసిపోతుంటే నాకు ఒకటే నవ్వు. తర్వాత ఎవడో తెలివైనవాడు పక్కకి వేస్తే గుడ్లప్పగించి చూశావు, పద్నాలుగు మ్యాచులకే ఇంటికి పంపేశారు. అదీ నా గట్ల వల్లే అనుకో, పోనీ.

స్లో బాలుకి అప్పాజీ మోసపోడని కూడా అనేవారు. ఎలా మోసపోతావు? కాలువ అడుగున ఊట చెమ్మ ఎక్కడుందో చూసి సరిగ్గా అక్కడే వేసేదాన్ని నేను. బాలు పడి, కాస్త ఆగి, ఆలోచించుకుని వచ్చేది.

అవుటైతే బ్యాటు ఇచ్చెయ్యాలన్నది కూడా మన రూలే. ఆ ఒక్క రూలూ నీ చెవికెక్కలేదు. ఎప్పుడు ఇటుక పడినా నువ్వు మట్ట చంకలో పెట్టుకుని అమ్మ దగ్గరికి పరుగే.

మీ బావ సంగతి. ఇరిగేషన్ ఆఫీసులో కాలువలు ఎప్పుడు కట్టాలో ఎప్పుడు వదలాలో ఆర్డర్లు టైపు చేసే మనిషి ఆయన. బాలు చేతికిస్తే నంబరు వేసి ఫైల్లో పెడతారు. అయినా శాలువా అన్నమాట చెవిన పడగానే సరేనన్నారు. సభకి ముందొకసారి యానాం వెళ్ళొస్తే ధైర్యంగా ఉంటుందంటున్నారు. ఆ ధైర్యం సీసాల్లో అమ్ముతారని నాకు తెలీదనుకుంటున్నారు పాపం.

అంతా బాగానే ఉంది గానీ ఒక్కటి చెప్పు. అన్నయ్య అని ఎందుకన్నావు? అక్క అంటే నాలుక కాలుతుందా?

ఆశీస్సులతో,
అక్క

---

విశాఖపట్నం,
2 ఏప్రిల్ 1999

అక్కకి,

బావగారికి నా తరఫున సాష్టాంగ నమస్కారం పెట్టు. బాబోయ్, గండం గడిచిందనుకున్నాను. అంతలో ఇంకో రెండు వచ్చిపడ్డాయి.

మొదటిది. చంద్రరావుగారు నా పాత ఇంటర్వ్యూలన్నీ తవ్వి తీశారు. అందులో ఒకచోట, అంత గొప్ప బౌలరు మరి తనెందుకు ఆడలేదని అడిగితే, కాలువ దూకుతూ కాలు విరగ్గొట్టుకున్నాడని చెప్పానట. కాబట్టి బావగారు కుంటాలి. ఏ కాలో నేను చెప్పలేదు, ఆయనకి ఏది వీలైతే అది. కాకపోతే ఆ సాయంత్రమంతా ఒకే కాలు కుంటమని గట్టిగా చెప్పు.

రెండోది. సభ అయ్యాక గ్రౌండులో బుల్లబ్బాయిగారు నాకు ఆరు బంతులు వెయ్యాలట. 'గురువు చేతి మీదుగా ఆఖరి ఓవర్' అని కార్డులో ప్రత్యేకంగా అచ్చు వేయించారు. వద్దంటే వినరే! ఆయన కళ్ళల్లో అప్పటికే నీళ్ళు తిరుగుతున్నాయి. నువ్వే బావగారికి కాస్త ఎడం చేత్తో వెయ్యడం నేర్పించు. ఆరు బంతులు ఎలాగో ఇటువైపు వస్తే చాలు, దొర్లుకుంటూ వచ్చినా సరే, మిగతాది నేను చూసుకుంటాను.

నువ్వడిగినదానికి ఏం చెప్పను? అప్పటి రోజులు అలాంటివి. అందరూ నవ్వుతారని అనేశాను, అంతే. పెద్ద విషయమేం కాదు.

పిల్లలకి ముద్దులు.

నీ తమ్ముడు,
అప్పాజీ

---

ధవళేశ్వరం,
20 ఏప్రిల్ 1999

అప్పాజీకి,

పదిహేనో తారీకున కాలువ కట్టేశారు. మన చోటు అలాగే ఉంది. నాన్న కూచునే లాకు దిమ్మ పగిలింది గానీ గట్లు గట్లలాగే ఉన్నాయి.

పొద్దున్నే మీ బావని దింపాను. ముందు కుంటడం ప్రాక్టీసు. ఎడం కాలితో మొదలుపెట్టి, దారిలో ఎవరన్నా పలకరిస్తే కుడికాలికి మారిపోతున్నారు. రెండు రోజులు వీధిలో కుంటేసరికి ఆఫీసులో వెంకన్న అనే ప్యూను నిజంగా జాలిపడి కాలికి రాసుకోమని తైలం తెచ్చిచ్చాడు. మీ బావ రాసుకున్నారు కూడాను, వాసన బాగుందట.

తర్వాత బౌలింగు. మొదటి బాలు గట్టు మీదకి పోయింది. రెండోది వెనక్కి పోయింది. వెనక్కి ఎలా పోయిందో మీ బావకే తెలీదు. ఇలా కాదండీ అని చీర కుచ్చిళ్ళు ఎగదోపి నేనే బాలు తీసుకున్నాను. ఇరవై అయిదేళ్ళయింది. చెయ్యి తిప్పగానే భుజంలో ఏదో కటుక్కుమంది. అయినా బాలు సరిగ్గా చెమ్మ దగ్గర పడి, ఆగి, ఇటుక కొట్టింది. మీ బావ నోరు తెరుచుకుని నిలబడిపోయారు. 'అదేంటే, నిజంగానే వేస్తావా నువ్వు' అన్నారు. ఇరవై అయిదేళ్ళు కాపురం చేసిన మనిషి!

అప్పుడు నాకు ఒళ్ళు మండిందిరా. పెద్ద విషయం కాదని రాశావు కదా. నీకొక సంగతి చెప్తాను, ఇన్నాళ్ళూ చెప్పలేదు.

నువ్వన్న ఆ వారపత్రిక నేను చదవలేదనుకున్నావా? అప్పుడు మేం పెద్దాపురంలో మా అత్తగారి దగ్గరున్నాం. మరిడమ్మ జాతర రోజులు, ఇంటినిండా చుట్టాలు. నా తమ్ముడి ఇంటర్వ్యూ వస్తోంది, అందులో నా పేరుంటుందని వీధి వీధంతా చెప్పాను. నాలుగు పుస్తకాలు కొన్నాను. మా అత్తగారు లోవమ్మగారికి చదువు రాదు, అందరి ముందూ నన్నే చదవమన్నారు. చదువుతూ చదువుతూ ఆ మాట దగ్గరికొచ్చాను. 'మా అన్నయ్య బుల్లబ్బాయి' అని ఉంది.

నేనేం చదివానో తెలుసా? 'మా అక్కయ్య బుల్లెమ్మ' అని చదివాను. ఆపకుండా, తడబడకుండా చదివేశాను. మా అత్తగారు పొంగిపోయి అందరికీ మళ్ళీ కాఫీలిప్పించారు. నిజమే చదివాను, దొంగలాగా చదవాల్సి వచ్చింది. నాలుగు పుస్తకాలూ దొడ్లోకి తీసుకెళ్ళి నీళ్ళపొయ్యిలో పెట్టేశాను. ఏడ్చాను కూడా. మీ బావ అడిగితే పొగన్నాను.

నాకు ఆ కాలువలో బాలు వెయ్యడం తప్ప ఇంకేం వచ్చురా? పద్దెనిమిదేళ్ళకి పెళ్ళి చేసేశారు. నువ్వు దేశాలన్నీ తిరిగావు. పేరు చెప్పమంటే చెప్పలేకపోయావు.

పెళ్ళికూతుర్ని చేసిన రోజు గుర్తుందా? పసుపు చేతుల్తోనే గట్టు దిగొచ్చి ఆఖరిసారి బాలు వేశాను. బాలంతా పచ్చగా అయిపోయింది. మూడిటుకలూ పడ్డాయి. నువ్వేమన్నావు? 'గాలికి పడ్డాయి' అన్నావు. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం, ఆకు కదలట్లేదు, ఇటుకలు గాలికి పడ్డాయట! ఈలోగా అమ్మ వచ్చి నా రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

మీ బావ వస్తారు. నేను రాను. ఆటో ఎక్కితే అరగంట, అయినా రాను.

బుల్లెమ్మ

---

విశాఖపట్నం,
27 ఏప్రిల్ 1999

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆఫీసులో ఒకసారి, రోడ్డు మీద ఒకసారి, ఇంట్లో ఒకసారి. మా ఆవిడ హారతి కూడా చదివింది. మూడు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. అన్నం పెడుతోంది గానీ గిన్నె కాస్త గట్టిగా పెడుతోంది.

జరిగింది రాస్తాను. టీములోకి వెళ్ళిన మొదటి రోజు డ్రెస్సింగ్ రూములో ఒకాయన అడిగాడు, నీకు ఆట ఎవరు నేర్పారని. నేను గర్వంగానే చెప్పానక్కా, మా అక్క అని. గది గదంతా పడీ పడీ నవ్వారు. ఆ టూరంతా నా పేరు 'అక్కా'. నాకు బ్యాటింగ్ వస్తే 'అక్కా, వెళ్ళు', అవుటై వస్తే 'అక్క చీర తొక్కుకుంది'. తెలుగొక్క ముక్క రానివాళ్ళు ఆ ఒక్క మాటా నేర్చుకున్నారు. తిరిగొచ్చాక ఆ పత్రికాయన పెన్ను తీసేసరికి నోటికి అన్నయ్య వచ్చేశాడు.

బౌలర్లకి భయపడలేదు నేను. వేగంగా వేసి మొహం పగలగొట్టేవాళ్ళని కూడా ఎదురుగా నిలబడి కొట్టాను. ఆ నవ్వుకి భయపడ్డాను. పన్నెండేళ్ళుగా భయపడుతూనే ఉన్నాను. సిగ్గుగా ఉంది.

కార్డులు అచ్చయిపోయాయి. 'శ్రీ బుల్లబ్బాయి గారు' అని బంగారు రంగు అక్షరాల్లో వేశారు. చంద్రరావుగారికి నిజం చెప్దామని రెండుసార్లు ఫోను చేశాను. రెండుసార్లూ ఆయన ఆనందం విని జీపు గురించి మాట్లాడి పెట్టేశాను. అక్కడ జనం ముందు ఏం చేస్తానో నాకే తెలీదు. చెప్తానని నీకు మాటివ్వడానికి కూడా ధైర్యం చాలట్లేదు.

నువ్వు రా అక్కా.

అప్పాజీ

---

ధవళేశ్వరం,
9 మే 1999, పొద్దున్న
(మీ బావ చేతికిచ్చి పంపుతున్నాను)

అప్పాజీకి,

మీ బావ కొత్త పంచె కట్టుకుని తయారయ్యారు. కుంటేది ఎడం కాలు. ఆ కాలి చెప్పు మీద సిరాతో చిన్న చుక్క కూడా పెట్టాను, మరిచిపోతే చూసుకోమని. బౌలింగు మాత్రం నా వల్ల కాలేదు. ఆరో బాలు పూర్తయ్యేలోపు ఎవరికన్నా దెబ్బ తగిలితే కమిటీ వాళ్ళే చూసుకోవాలి.

నిన్ను 'అక్కా' అని నవ్వారని రాశావు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు, పాపం పిల్లాడనిపించింది. ఇరవై ఏడేళ్ళ పిల్లాడివి అప్పటికి నువ్వు. ఆ తర్వాత నీ మీద కోపం మళ్ళీ వచ్చింది, అది వేరే.

చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే మానెయ్. నీ సన్మానం చెడగొట్టడం నాకిష్టం లేదు. గేదె పైన పడున్నవాడివి, నీకూ ఒక ఫొటో పడాలి. ఒక్కదానికి మాత్రం జవాబు రాసి మీ బావ చేతికియ్యి. ఆ రోజు ఇటుకలు గాలికి పడ్డాయా, నా బాలుకి పడ్డాయా? ఎవరికీ చెప్పను. నాకు తెలిస్తే చాలు.

అక్క

---

రాజమండ్రి,
10 మే 1999

అక్కా,

లాడ్జిలో కూచుని రాస్తున్నాను. బావగారు పక్కన శాలువా కప్పుకునే కాఫీ తాగుతున్నారు. ఇంత ఎండలో అదెందుకండీ అంటే, 'మీ అక్కయ్య చూసేదాకా తియ్యనయ్యా' అంటున్నారు.

నిన్న జరిగింది వరసగా చెప్తాను. జీపు సగం దారిలో ఆగిపోయింది. దిగి తోశాను. ఊరేగింపులో ఊరేగేవాడే బండి తోసిన మొదటి సన్మానం నాదే అయ్యుంటుంది. గ్రౌండులో ఎనిమిదొందల మంది దాకా ఉన్నారు.

ముందు 'శ్రీ బుల్లబ్బాయిగారు' అని పిలిచారు. బావగారు ఎడం కాలు కుంటుతూ మెట్లెక్కారు, శాలువా కప్పించుకున్నారు, చప్పట్లకి మైమరిచిపోయి కుడికాలు కుంటుతూ కుర్చీలోకి వెళ్ళారు. ముందు వరసలో ఒక పెద్దాయన 'రెండు కాళ్ళూ పోయాయా పాపం' అన్నాడు.

తర్వాత మైకు నాకిచ్చారు. నీ ఉత్తరం జేబులో ఉంది. చంద్రరావుగారు 'గురువుగారి గురించి రెండు ముక్కలు' అన్నారు. అబద్ధం చెప్తే నీకు రాయాల్సిన జవాబు కూడా అబద్ధమే అవుతుందనిపించింది.

'ఈయన మా బావగారండి, సత్యప్రసాద్‌గారు. కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయండి. నాకు అన్నయ్య లేడండి. నాకు ఆట నేర్పింది మా అక్కయ్య బుల్లెమ్మండి, ధవళేశ్వరం కాలువలో. పన్నెండేళ్ళ నుంచీ అబద్ధం చెప్తున్నానండి' అన్నాను.

నవ్వారు. నేను భయపడినట్టే, గ్రౌండంతా నవ్వారు. పోనీలే, నవ్వనీ అనుకుని ఇటుకల సంగతి కూడా చెప్పేశాను. 'ఇరవై అయిదేళ్ళ కింద, పెళ్ళికూతుర్ని చేసిన రోజు మా అక్క పసుపు బాలు వేసింది. నేను అవుటయ్యాను. గాలికి పడ్డాయని బుకాయించాను. గాలి లేదండి. నేను అవుటేనండి.'

అప్పుడు వెనక వరసల్లోంచి ఎవరో 'అక్కా!' అని అరిచారు. నా ప్రాణం పోయింది. ఆ మాట గ్రౌండంతా పాకింది. 'అక్కా! అక్కా!' అని చప్పట్లు. ఏడిపించడానికనుకుని తలొంచుకున్నాను. చంద్రరావుగారు నా భుజం కుదిపి, 'ఏమయ్యా, జనం అడుగుతున్నారు, ఆ ఓవరు ఆవిడ చేత వేయించు, ఎక్కడున్నారావిడ' అన్నారు. వాళ్ళు నిన్ను పిలుస్తున్నారక్కా.

బౌలరు రాలేదండి, నా తప్పు వల్లే రాలేదండి అన్నాను. ఆ ఓవరు వెయ్యలేదు. బావగారు వేస్తానని లేచారు గానీ మర్యాదగా కూచోబెట్టారు.

ఇంకో మాట. ఆ వారపత్రిక నువ్వు నాలుగు కొన్నావు కదా, అయిదోది బావగారు కొన్నారట. పొగ కాదని ఆ రోజే తెలుసట. నువ్వు చెప్పేదాకా అడగకూడదనుకున్నారట. ఇందాక ఇది చెప్తూ శాలువా అంచుతో కళ్ళు తుడుచుకున్నారు.

వెండి బ్యాటు ఆయనతో పంపుతున్నాను. అది నీది. ఆరు కిలోమీటర్లు వచ్చి నీ మొహం చూసే ధైర్యం ఇంకా రాలేదు, అందుకే తొమ్మిదింటి రైలెక్కేస్తున్నాను. నన్ను క్షమించు.

నీ తమ్ముడు,
అప్పాజీ

---

ధవళేశ్వరం,
13 మే 1999
(కార్డు)

ఒరేయ్ పిరికివాడా,

పేపర్లో నీ ఫొటో పడింది. గేదెలేం లేవు, నువ్వొక్కడివే. మీ బావ ఇంకా శాలువా తియ్యలేదు, నిన్న ఆఫీసుకి కూడా అలాగే వెళ్ళారు. అచ్చాయమ్మగారు వార్త నాకంటే ముందు చదివి, వీధంతా చెప్పి, ఆ తర్వాత నన్ను కావిలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఈసారి పొగని చెప్పలేదు.

వెండి బ్యాటు షోకేసులో పెట్టాను. దాంతో ఆడితే వంగిపోతుంది. తోటలోంచి మంచి కొబ్బరిమట్ట నరికించి నేనే చెక్కాను. ఇటుకలు మూడు కడిగి పెట్టాను.

జూన్ ఒకటిన కాలువకి నీళ్ళు వదులుతున్నారు, ఆర్డరు మీ బావే టైపు చేశారు. ఈలోపు సెలవు పెట్టి రా. హారతినీ పిల్లల్నీ తీసుకురా, గట్టు మీద కూచుని చూస్తారు.

అవుటని ఎనిమిదొందల మంది ముందు ఒప్పుకున్నావు కదా. ఇప్పుడు బ్యాటింగ్ నాది. బాలు నువ్వు వెయ్యి.

అక్క